మా వాకిలికి మత్తడి

1996లో బాపు ఈ ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీది నుంచి రెండు మెట్లు ఎక్కి గేటు తీయాల్సి వచ్చేది. పదో తరగతి లెక్కలన్నీ నేను ఆ మెట్ల మీద కూర్చునే చేశాను. ఇప్పుడు గేటు తీసి కిందికి దిగాలి. ఆ మెట్లు ఎటూ పోలేదు, రోడ్డు కింద ఉన్నాయి. కంకర మీద తారు పడింది, తారు మీద సిమెంటు పడింది, ఆ సిమెంటు పగిలితే దాని మీదే మళ్ళీ సిమెంటు పోశారు. పాతది తవ్వి తీసి కొత్తది వేయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

మాది హనుమకొండలో పద్మాక్షి గుట్ట దిక్కు. గుట్టల ఊరు కాబట్టి ప్రతి గల్లీకీ ఏదో ఒక వైపు వాలు ఉంటుంది. మా వాకిలి 18 అడుగుల వెడల్పు, గేటు నుంచి ఇంటి మెట్ల దాకా 14 అడుగులు. ఆ 14 అడుగుల్లోనే అడుగున్నర పల్లం, అదీ ఇంటి వైపు. వాన పడితే రోడ్డు నీళ్ళు గేటు కింది సందులోంచి, స్లాబు నీళ్ళు పైపులోంచి, పైన పడేవి నేరుగా, అన్నీ వచ్చి మెట్ల దగ్గర చేరేవి. అక్కడి నుంచి ఎటూ పోయే దారి లేదు. గులాబీలు మూడుసార్లు పెట్టాం, మూడుసార్లూ పోయాయి. కరివేపాకు చెట్టు ఆకులు పసుపెక్కి రాలి చచ్చిపోయింది. నీళ్ళు లేక కాదు, వేళ్ళు కుళ్ళి.

2023 జూలై చివర్లో పడ్డ వానలు ఈ దిక్కు వాళ్ళెవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా పడింది. హనుమకొండ, వరంగల్‌లలో కాలనీలకు కాలనీలే నీళ్ళలో ఉన్నాయి. వాళ్ళతో పోలిస్తే మాది కష్టమే కాదు, నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. కానీ ఆ రాత్రంతా బాపు టార్చిలైటు పట్టుకుని అరగంటకోసారి తలుపు తీసి మెట్లు లెక్కపెట్టాడు. "ఇంక రెండే ఉన్నయి" అని ఆయన చెప్పిన తీరుకు నా చిన్నకొడుకు బ్యాగులో పుస్తకాలు సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు. ఈ వాకిలి సంగతి తేల్చాలని ఆ రాత్రే అనుకున్నాను.

ముందు ఒక కాంట్రాక్టర్‌ను పిలిచాం. వాకిలంతా కలియజూసి, "మట్టి ఉంటేనే ప్రాబ్లం మేడం, మొత్తం పేవర్ టైల్స్ కొట్టేద్దాం, 68 వేలైతది" అన్నాడు. మరి నీళ్ళు ఎటు పోతాయంటే "స్లోప్ ఇస్తం" అన్నాడు. ఏ వైపుకు ఇస్తారని అడిగాను. ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. అమ్మకు ఆ టైల్స్ మాటే నచ్చలేదు. పొద్దున సాన్పి చల్లడానికి పిడికెడు మట్టి లేని ఇల్లేం ఇల్లని ఆమె బాధ.

సంక్రాంతి తర్వాత నర్సంపేట దిక్కు నుంచి మా మేనమామ పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చాడు. పాకాల చెరువు కింద రెండెకరాల పొలం ఆయనది. అప్పటికి నేను కాగితం మీద బొమ్మ ఒకటి గీసి పెట్టుకున్నాను: ఇక్కడ నందివర్ధనం, ఇక్కడ బంతి, ఇక్కడ పిల్లలు కూర్చోవడానికి బండ. మామ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెట్ల ముచ్చట తర్వాత బిడ్డా. మత్తడి ఎక్కడ పెడ్తవో ముందుగాల చెప్పు."

"ఇది చెరువా మామా, మత్తడి పెట్టడానికి?"

"చెరువు గాకుంటే ఏంది? మూడు దిక్కుల గోడ, ఒక దిక్కు ఇల్లు. నీళ్ళొస్తే నిండుతది. నిండినంక ఎటు దుంకాల్నో నువ్వు చెప్పకపోతే మీ హాల్లకే దుంకుతది."

కోస్తాలో అలుగు అనేదాన్నే మేం మత్తడి అంటాం. చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు అది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకిన నీళ్ళే కింది చెరువుకు చేరతాయి. ఇదంతా నేను ఏటా పిల్లలకు బళ్ళో చెప్పే మాటే. లెక్కల టీచర్నైనా సోషల్ సారు సెలవు పెడితే ఆ క్లాసు నాదే. మా వాకిలి విషయంలో మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

మత్తడి పెట్టాలంటే మట్టాలు తెలియాలి. పది మీటర్ల సన్నటి తెల్ల పైపు కొనుక్కొచ్చి నీళ్ళు నింపాం. మేస్త్రీలు లెవల్ పైపు అంటారు. రెండు కొసల్లో నీళ్ళు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలుస్తాయి కాబట్టి ఒక కొస గేటు దగ్గర పెద్దోడు, ఇంకో కొస మెట్ల దగ్గర నేను పట్టుకుని గోడ మీద సుద్దతో గీతలు గీశాం. పైపులో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. మొదటి రోజంతా అట్లా తప్పు గీతలే గీశామని రెండో రోజు తెలిసింది. మళ్ళీ కొలిస్తే తేలింది ఇది: రోడ్డు మా గేటు మట్టం కంటే 4 అంగుళాలు ఎత్తు. రోడ్డు పక్క మోరి, అంటే మురుగు కాలువ, లోతు 14 అంగుళాలు. అంటే మోరి అడుగు గేటు మట్టానికి 10 అంగుళాలు కింద. మా మెట్ల దగ్గరి నేల 18 అంగుళాలు కింద. మోరి అడుగే మా నేల కంటే 8 అంగుళాలు పైన ఉంది! ఇన్నేళ్ళూ ముందుకు పైపు వేస్తే సరిపోతుంది అంటూ వచ్చిన బాపు ఆ గీతల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాత మట్టి. గేటు దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, అడుగు లోతు గుంతలు తీసి నీళ్ళు పోశాం. మొదటిసారి ఇంకనిచ్చి, రెండోసారి నింపి, స్కేలు పెట్టి గంటసేపు చూశాం. గేటు దగ్గరిది మొరం నేల, గంటకు 4 అంగుళాలు దిగింది. మెట్ల దగ్గర అర అంగుళం కూడా దిగలేదు. మర్నాడు పొద్దున కూడా అందులో నీళ్ళున్నాయి, ఒక కప్ప కూడా ఉంది.

కారణం మాకు తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. 2016 ఎండాకాలంలో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీస్తున్నప్పుడు బాపు ఆ మట్టిని ట్రాక్టర్‌తో తెప్పించి వాకిట్లో పోయించాడు. చెరువు మట్టి బంగారం అని ఆయన నమ్మకం. అది నిజమే, చెలకలో, అంటే మెట్ట చేనులో. ఎర్రటి దుబ్బ నేలలో నీళ్ళు నిలవవు కాబట్టి ఈ జిగట మట్టి అక్కడ తేమను పట్టి ఉంచుతుంది. మా వాకిట్లో మాత్రం పల్లంలో పడి, గిన్నెకు అడుగు వేసినట్టు కూర్చుంది.

ఇసుక కలిపితే గుల్లబారుతుందని ఒకరిద్దరు చెప్పారు. నమ్మకం కుదరక ఒక బకెట్‌లో కలిపి ఎండబెట్టాను. మూడు రోజులకు గడ్డపారతో కొడితే తప్ప పగలని ఇటుక తయారైంది. కాబట్టి మెట్ల పక్కన ఆరడుగుల మేర అడుగు లోతు మట్టి తీసేయాల్సిందే. సరిగ్గా ఒక ట్రాక్టర్ ట్రిప్పు వచ్చింది. దాన్ని ఎక్కడో పారబోయడానికి బాపు ఒప్పుకోలేదు. మడికొండ దిక్కు తెలిసినవాళ్ళ చెలకకు పంపించి, ట్రాక్టర్ వెనకాల తన టీవీఎస్ మీద వెళ్ళి, చెలకంతా సమంగా చల్లేదాకా నిలబడి వచ్చాడు.

ఇక అసలు లెక్క. మా స్లాబు 30 అడుగులు, 26 అడుగులు, అంటే 780 చదరపు అడుగులు. ఒక అంగుళం వాన పడితే దాని మీద 65 ఘనపుటడుగుల నీళ్ళు పడతాయి, అంటే దాదాపు 1,840 లీటర్లు. వాకిలి 252 చదరపు అడుగులే. దాని మీద నేరుగా పడేది 600 లీటర్లకు కొంచెం తక్కువ. మేం మోస్తున్న బరువులో నాలుగింట మూడు వంతులు స్లాబుదే. ఆ నీళ్ళను పైపు బుద్ధిగా తెచ్చి సరిగ్గా మెట్ల పక్కన, అన్నిటికంటే పల్లంలో వదులుతోంది. పైన ఉన్న నీళ్ళను పనిగట్టుకుని కిందికి దింపి, దింపాక మోరీకి ఎట్లా ఎక్కించాలా అని ఇన్నేళ్ళూ తల పట్టుకున్నామన్నమాట.

అందుకని స్లాబు పైపును నేల దాకా రానివ్వలేదు. నాలుగున్నర అడుగుల ఎత్తులోనే కోసి, నాలుగంగుళాల పీవీసీ పైపు అతికి, పక్క ప్రహరీ గోడకు క్లాంపులు కొట్టి, కొంచెం వాలుగా ముందుకు తీసుకుపోయి మోరీలో కలిపాం. పనంతా ఒక పూట, ఖర్చు నాలుగు వేల లోపు. మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, చూడటానికి అన్నిటికంటే వికారంగా ఉన్నదీ ఇదే. అమ్మ దాని మీదికి శంఖపుష్పం తీగ ఎక్కించింది. మంచి నీళ్ళను మోరీలో పోస్తున్నామన్న బాధ మాత్రం నాకు ఉండేది. మధ్యలో ఒక వాల్వు పెట్టి 200 లీటర్ల డ్రమ్ము తగిలించాను. అది పది నిమిషాల వానకే నిండుతుంది, మనసుకు తృప్తి.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మిగతా పని పెట్టుకున్నాం. అడ్డా మీది నుంచి ఇద్దరు కూలీలు, తెలిసిన సుతారి (మేస్త్రీ) ఒకాయన. మిరుగం, అంటే మృగశిర కార్తె, లోపల అయిపోవాలని గడువు.

మొదటి రోజే, పని మొదలైన గంటకు, గడ్డపార నల్లా పైపుకు తగిలింది. గేటు నుంచి నేరుగా ఇంటికి వస్తుందనుకున్న పైపు మూలకు తిరిగి వచ్చింది. వేసిన రోజు ఫోటో తీసిపెట్టుకుని ఉంటే ఆ రోజంతా బిందెలతో పక్కింటికి తిరిగే పని ఉండేది కాదు. ఇప్పుడు నా ఫోన్‌లో వాకిలి కింద ఏది ఎక్కడుందో అన్నీ ఫోటోలే, టేపు పక్కన పెట్టి తీసినవి.

ఇంకుడు గుంత ఎక్కడ తీయాలన్నది కొంచెం చిక్కు. పునాదికి పది అడుగుల దూరం ఉండాలంటారు. 14 అడుగుల వాకిట్లో పది పోతే మిగిలింది గేటు పక్క నాలుగు అడుగులే. ఎడమ వైపు సెప్టిక్ ట్యాంకు ఉంది, దాని పక్కన తీయకూడదు. మిగిలింది కుడి మూల. అదృష్టం కొద్దీ అది మొరం నేల, బోరేమో ఇంటి వెనకాల దూరంగా ఉంది. మూడడుగుల చదరం, నాలుగడుగుల లోతు తవ్వడానికి ఇద్దరికి రెండు రోజులు పట్టింది. అడుగున పెద్ద రాళ్ళు, మీద కంకర, ఆ పైన దొడ్డు ఇసుక. 36 ఘనపుటడుగుల గుంతే అయినా రాళ్ళు పోగా నీళ్ళకు మిగిలే చోటు 400 లీటర్లే. దీన్ని చూపించి ఇంటి సమస్య తీరిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది గేటు దగ్గర వచ్చేవాటికి మాత్రమే. గేటు బయట మూడంగుళాల ఎత్తు సిమెంటు దిమ్మె, లోపల అడ్డంగా ఇనుప జాలీ, జాలీ కింద చిన్న కాలువ, అందులోంచి గుంతలోకి. రోడ్డు నీళ్ళతో మట్టి, పాలిథిన్ కవర్లు అన్నీ వస్తాయి కాబట్టి గుంతకు ముందు తూట్లు పెట్టిన పాత బకెట్ ఒకటి దించాం. నెలకోసారి దాన్ని పైకి తీసి కడగాలి. ఆ పని ఎవరిదన్న గొడవ ఇంకా తేలలేదు.

మధ్య భాగాన్ని రెండు మెట్ల మడులుగా చేశాం. ఇక్కడే డబ్బు తగలేశాను. సుతారి మాట విని తొమ్మిదంగుళాల ఇటుక గోడ సిమెంటుతో కట్టించాను. నీళ్ళు కారడానికి గోడలో తూట్లు పెట్టలేదు. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి గంటసేపు దంచింది. కొత్తగా పోసిన మట్టి నీళ్ళు తాగి ఉబ్బి, పొద్దున్నకు గోడ ముందుకు ఒరిగి నిలువునా పగిలి ఉంది. మామకు ఫోన్ చేస్తే నవ్వాడు. "రాళ్ళు పేర్చుకో బిడ్డా, సిమెంటు వద్దు. నీళ్ళు సందుల్లకెళ్ళి పోతయి, మట్టి ఆగుతది" అన్నాడు.

పునాదులకు వాడే నల్లరాళ్ళు అర ట్రిప్పు తెప్పించాం. సిమెంటు లేకుండా కట్టడం సుతారికి నామోషీ. "ఇట్ల పేర్చుడేంది మేడం, నా పేరు పోతది" అని ఒక రోజు పనికి రాలేదు. తర్వాత వచ్చి, నేనూ కూలీలూ పేర్చిన వరసంతా విప్పి, ప్రతి రాయినీ కొంచెం లోపలికి వాలేట్టు, ఒక రాయి రెండు రాళ్ళ మీద కూర్చునేట్టు పేర్చాడు. వెనకాల బెత్తెడు మందాన కంకర. రెండు వానాకాలాలు అయ్యాయి, ఒక్క రాయి కదల్లేదు. ఆయన దారిన పోతూ ఆగి చూసుకుని పోతుంటాడు.

ఇక మత్తడి. ఇంటి కుడి పక్కన మూడడుగుల సందు ఉంది, అది వెనక గల్లీ మోరీ దాకా పోతుంది. ఆ మోరి మా నేల కంటే పల్లంలో ఉంది. అడ్డం ఏమిటంటే సందులో పోసిన సిమెంటు వాకిలి కంటే రెండంగుళాలు ఎత్తుగా ఉంది. దాన్ని గోడ పక్కన అడుగు వెడల్పున పొడవునా పగలగొట్టి కాలువ చేస్తే చాలు. పగలగొట్టే చప్పుడుకు వెనకింటి పెద్దమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది.

"ఏం బిడ్డా, మీ నీళ్ళన్నీ మా దిక్కు తోలుతున్నరా?"

స్లాబు నీళ్ళు ముందుకే పోతున్నాయని, ఇటు వచ్చేది మిగులు మాత్రమేనని చెప్పాను. లీటర్ల లెక్క కూడా చెప్పాను, అది నా పొరపాటు. "లెక్కలు నీకు తెలుస్తయి, నీళ్ళు నాకు తెలుస్తయి" అంది. చివరికి బాపు వెళ్ళి గంటన్నర కూర్చుని, చాయ తాగి, రైల్వే రోజుల ముచ్చట్లన్నీ అయ్యాక ఒప్పించి వచ్చాడు. ఆమె షరతు ఒకటే: కాలువ కొసన జాలీ పెట్టాలి, చెత్త రాకూడదు. న్యాయమైన షరతే.

చెట్ల విషయానికి వస్తే, నా కాగితం మీది బొమ్మలో నందివర్ధనం ఒక్కటే మిగిలింది. మెట్ల పక్కన, నీళ్ళు ఒక పూట నిలిచే చోట మెట్టతామర, చామ పెట్టాం. వాటికి తడి అంటే ఇష్టం. తీసిన మట్టి స్థానంలో మొరం, మాగిన పశువుల పెంట, పాత మట్టి కొంత కలిపి పోశాం. రాళ్ళ వరసల పైన ఆరంగుళాలకు ఒకటి చొప్పున వట్టివేరు పిలకలు నాటాం. వేళ్ళు పక్కలకు కాకుండా నిలువుగా, మనిషి ఎత్తును దాటి దిగుతాయి కాబట్టి వాలు నేలలో మట్టిని పట్టి ఉంచడానికి దానికి సాటి లేదు. సెప్టిక్ ట్యాంకు మీద ఏమీ నాటలేదు, షాబాద్ బండలు సందులు వదిలి పరిచి కుండీలు పెట్టాం. ట్యాంకు క్లీన్ చేయించాలంటే బండలు లేపితే సరిపోతుంది.

గేటు దగ్గర ఎండలో, మొరంలో, ఏదీ బతకదనుకున్న చోట అమ్మ రెండు తంగేడు మొక్కలు పెట్టించింది. రాళ్ళ గుట్టల మీద ఎవరూ నీళ్ళు పోయకుండా బతికే చెట్టు అది. గింజల నుంచి గునుగు కూడా చల్లింది. "అది కలుపు కదమ్మా" అంటే, "బతుకమ్మ నాడు కట్టకు ఎంత వెట్టి కొంటున్నవో యాది చేసుకో" అంది.

మొత్తం 52 వేలయింది, ఒరిగిన గోడతో కలిపి.

2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వానకు సెప్టెంబర్ 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. ఆ వానే మాకు అసలు పరీక్ష. మొదటి ఇరవై నిమిషాలకే గేటు దగ్గరి జాలీ ఆకులతో, చిప్స్ ప్యాకెట్లతో పూడుకుపోయింది. గొడుగు పట్టుకుని వెళ్ళి చేత్తో తీశాను, ఆ రాత్రి అట్లా నాలుగుసార్లు. ఇంకుడు గుంత నిండి పొర్లింది, నిండుతుందని తెలిసిందే. పై మడి నిండి రాళ్ళ సందుల్లోంచి కింది మడికి, కింది మడి నుంచి మెట్ల పక్క కాలువకు, అక్కడి నుంచి సందులోకి. నీళ్ళు సందు మలుపు తిరుగుతుంటే బాపు టార్చి వేసి, "మత్తడి దుంకుతున్నది" అని ఇంట్లోకి కేక వేశాడు. పిల్లలు నిద్ర లేచి వచ్చి చూశారు. మొదటి మెట్టు తడిసింది, పైనుంచి పడ్డ వానకు మాత్రమే.

పొద్దున వెనకింటి పెద్దమ్మ తన మోరి చూసుకుని, "గింతేనా!" అంది. ఆమె గొంతులో కొంచెం నిరాశ ఉందని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మకు గునుగు వాకిట్లోదే. తెల్లటి కంకులకు రంగులద్ది అమ్మ నాలుగు వరసలు పేర్చింది. తంగేడు మాత్రం కొనాల్సి వచ్చింది, మొక్కలు మోకాలెత్తే ఉన్నాయి మరి. మరుసటి ఏడు ఒకటి పూసింది, ఇంకోటి మా స్కూటీ తగిలి విరిగింది. గేటు ముందు దిమ్మె ఎక్కి దిగేటప్పుడు బండి అదుపు తప్పుతుంది. ఆ దిమ్మెను ఇంకొంచెం వాలుగా పోయించాల్సింది.

పోయిన వారం గల్లీలో ఇద్దరు టేపు పట్టుకుని రోడ్డు కొలుచుకుపోయారు. ఎందుకని అడిగితే, కొత్త సిమెంటు రోడ్డు వస్తుందట, ఆరంగుళాలు. పాతది తవ్వుతారా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాపు లోపలికి వెళ్ళి, సజ్జ మీది లెవల్ పైపు ఎక్కడ పెట్టావని అమ్మను అడుగుతున్నాడు.